మూసిన కవాటముల మాట

సంతలో కుండ కొనెడి ఇల్లాలు దానిని కన్నులతో చూచి తృప్తిపడదు. ఎడమచేత ఎత్తిపట్టుకొని కుడిచేతి వ్రేలి కణుపుతో తట్టి చూచును. కంగుమని మ్రోగినచో పైకమిచ్చును. బొంగురుగ పలికినచో మారుమాటాడక దించివేయును. కుమ్మరి ఎన్ని ప్రమాణములు చేసినను ఆమె నమ్మదు. కంటికి దొరకని బీట చెవికి దొరకునన్న విద్య మన యిండ్లలో ఇంత పాతది. రోగి రొమ్మున గొట్టము మోపి వినెడి విధానమును ఫ్రాన్సుదేశపు వైద్యుడు లేనెక్ 1816లో కనిపెట్టినప్పుడు ఆయన చేసినదియు ఇంచుమించుగ ఇదియే. ఇంతటి సులభమైన బుద్ధి మన మహాయంత్రాగారముల కవాటములకడకు వచ్చుసరికి ఏల మందగించుచున్నదో నేడు విచారింపదలచినాము.

కవాటమనగా నేమో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటి కుళాయియు కవాటమే. కాని చమురుశుద్ధి కర్మాగారమునను, ఉక్కు కర్మాగారమునను, విద్యుత్కేంద్రమునను, మందుల కార్ఖానాలోను ఇట్టివి వందలు వేలుగ నుండును. ఒకటి ఆవిరి నాపును, ఒకటి అమ్మోనియాను, ఇంకొకటి అంటుకొనినచో ఊరును కాల్చగల వాయువును. వీనియందు కారుడు రెండు విధములు. గ్లాండు వద్దనో, ఫ్లాంజి వద్దనో బయటికి కారునది మొదటిది; అది వాసనచేతనో, తడిచేతనో, సబ్బునురుగుపై లేచు బుడగలచేతనో పట్టుబడును. రెండవది లోపలి కారుడు. చక్రమును బిగియ త్రిప్పినారు, కాడ అడుగంటినది, సూచిక 'మూసియున్నది' అని చూపుచున్నది. కాని లోపల బిళ్ళకును పీటకును నడుమ వెండ్రుకవాసి సందునుండి ద్రవమో వాయువో అవతలికి పోవుచునే యున్నది. బయట ఒక్క చుక్కయు రాలదు. మన ఫిట్టర్లు దీనిని 'పాసింగు' అందురు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడన్న సామెత దీనికొరకే పుట్టినట్లున్నది.

ఆ సందు ఎట్లేర్పడునందురా? గొట్టములోని త్రుప్పుపెళ్ళయో, వెల్డింగు రవ్వయో, ఇసుకరేణువో వచ్చి పీటపై కూర్చుండును. దానిపైననే బిళ్ళ దిగి నలగును. ఒకసారి సన్నని దారి యేర్పడినంతనే అధికమైన ఒత్తిడితో పోవు ఆవిరి ఆ దారినే కోసికొని పోవును. గట్టి ఉక్కుపైన సైతము తీగెతో కోసినట్లు గాడి పడును. నేడు గుసగుసలాడునది మరికొన్ని మాసములకు ఈల వేయును. కారుచున్న కవాటమునకు కడ్డీ తగిలించి ఇద్దరు మనుష్యులు వ్రేలాడి ఇంకను బిగించుట మన కార్ఖానాలలో వాడుకయైన చికిత్స. దానిచేత పీట మరింత చెడుటయు వాడుకయే.

దీనివలన నష్టమేమని అడుగువారు గలరు. ఒక నష్టము లెక్కపుస్తకములోనిది. బొగ్గు కాల్చి నీటిని మరిగించి చేసిన ఆవిరి, పని చేయకయే డ్రెయినులోనికి పోవును. శుద్ధికర్మాగారములలో ఫ్లేరు గొట్టమువైపు గల కవాటములు పాసింగైనచో అమ్మదగిన సరకు ఆకాశమున మంటయై వెలుగును. దూరమునుండి చూచువారు అదియేదో మహత్తరమైన పరిశ్రమ వైభవమని భ్రమింతురు. ఒత్తిడిగాలిని వాడెడి కర్మాగారములలో, పోషణ సరిగా లేనిచోట, కంప్రెసరు చేసిన గాలిలో నూటికి 20 నుండి 30 వంతుల వరకు కారుటచేతనే వ్యర్థమగునని ఆ శాస్త్రమెరిగినవారు లెక్కకట్టియున్నారు. పేదదేశమున ఇది చిన్న దుబారా కాదు.

కాని మేమీ వ్యాసము వ్రాయుట డబ్బుకొరకు కాదు. తొట్టిని కడుగుటకో, పంపును విప్పుటకో ఒక కూలి లోనికి దిగుచున్నాడనుకొనుడు. 'ఇరువైపులను వాల్వులు మూసితిమి' అని పర్మిటు కాగితముపై వ్రాసి అధికారి సంతకము చేసినాడు. ఆ కూలివాని ప్రాణమునకును విషవాయువునకును నడుమనున్నది ఆ కవాటపు పీటయు, ఆ సంతకమును మాత్రమే. పీట అబద్ధమాడినచో సంతకమేమి చేయగలదు? అందుచేతనే తెలిసినచోట్ల కవాటమును మూసి ఊరకొనక, ఫ్లాంజిల నడుమ ఉక్కు బిళ్ళ దూర్చి బిగింతురు. దూర్చనిచోట ఏమగునో ముందు చెప్పెదము.

ఇప్పుడు శబ్దము సంగతి. ఒత్తిడితో నున్న వాయువు ఇరుకైన సందునుండి తోసికొని పోవునప్పుడు దాని వేగము విపరీతముగ పెరుగును, సుడులు పుట్టును, ఆ సుడులు కవాటపు లోహమును వణికించును. ద్రవమైనచో ఒత్తిడి ఒక్కసారి పడిపోయినచోట చిన్నచిన్న బుడగలు పుట్టి పగులుచుండును. ఆ పగులుటయు శబ్దమే. జెట్టువలె వెడలు వాయువు చేయు శబ్దమును గూర్చి ఇంగ్లండు గణితశాస్త్రజ్ఞుడు జేమ్స్ లైట్‌హిల్ 1952లో ఒక సిద్ధాంతము చెప్పెను. దాని ప్రకారము శబ్దశక్తి వేగముయొక్క ఎనిమిదవ ఘాతమును అనుసరించి పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో శబ్దశక్తి 256 రెట్లగును. సందు ఎంత చిన్నదైనను దొంగ పరుగెత్తినచో అడుగులచప్పుడు తప్పదన్నమాట.

అయితే ఆ చప్పుడు మన చెవికి వినబడదేమి? మనుష్యుని చెవి సెకండునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములనే వినగలదు. పంపులును, మోటారులును, మనుష్యుల కేకలును చేయు రొద చాలవరకు ఈ మేరలోనిదే. కవాటపు కారుడు ఆ మేరకు పైన, పదులు వందలు కిలోహెర్ట్జుల ఎత్తున కూడ పలుకును. అది మనకు అసౌకర్యమువలె తోచును గాని నిజమునకు వరము. ఏలయన క్రింది మేరలోని రొదను వడగట్టి పైమేరనే వినెడి పరికరమునకు కర్మాగారపు గోల చాలవరకు అడ్డురాదు. ఇట్టి పరికరమునకు ప్రాణము పీజో స్ఫటికము. నొక్కినంతనే విద్యుత్తును పుట్టించు ఈ గుణమును పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. ఆ బిళ్ళను కవాటపు ఒడలికి అంటించినచో లోహపు వణకు విద్యుత్తుగ మారి అంకెగ కనబడును. కొన్ని పరికరములు ఆ ఎత్తైన ధ్వనిని మన చెవి మేరకు దించి వినిపించును గూడ. కాలుచున్న ఆవిరిగొట్టమునకు నేరుగ అంటించిన గ్రాహకము చెడును గనుక అచ్చట నడుమ ఒక లోహపు కడ్డీ నుంచి, ఆ కడ్డీ కొన వద్ద విందురు. మన పాత మేస్త్రీలు స్క్రూడ్రైవరు మొనను కవాటముపై నుంచి పిడిని చెవికి ఆనించి వినుట యెరుగనివారెవ్వరు? నూతన పరికరము ఆ మేస్త్రీ చేష్టకు మనుమడు.

వినుటలోను ఒక న్యాయవిచారణ గలదు. కవాటముపై మాత్రమే విని తీర్పు చెప్పరాదు. కవాటమునకు ముందు గొట్టముపై ఒకటి రెండు చోట్లను, కవాటముపైనను, దానికి తరువాతను విని నాలుగు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ముందువైపు నెమ్మదిగను, పీట దాటినంతనే బిగ్గరగను ఉన్నచో దోషి ఈ కవాటమే. ముందువైపుననే ఎక్కువగ నున్నచో శబ్దము ఎగువనున్న మరియొకదానినుండి వచ్చుచున్నది. అవతల దూరముగ పోవుకొలది పెరుగుచున్నచో దిగువనున్నదానిది. ఒక్క సాక్షి మాటపై శిక్ష వేయని న్యాయాధిపతి పద్ధతి యిది. తరువాత కవాటపు కొలతయు, జాతియు, ఇరువైపుల ఒత్తిడుల భేదమును, లోపల పోవు పదార్థమును తెలిసినచో ఎంత కారుచున్నదో స్థూలముగ అంచనా వేయవచ్చును. స్థూలముగనే సుమా, ఆ అంకెను తూకపురాయివలె నమ్మువాడు మోసపోవును. మేలేమనగా దీనికొరకు కర్మాగారమును ఆపనక్కరలేదు, కవాటమును విప్పనక్కరలేదు. పనిచేయుచుండగనే వినవచ్చును.

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న చంద్రశేఖర వేంకట రామనుగారు మృదంగముయొక్కయు, వీణయొక్కయు నాదమును శాస్త్రదృష్టితో పరీక్షించినవారు. 1935–36లో నాగేంద్రనాథుగారితో కలిసి అతిధ్వని తరంగములచేత వెలుతురు చీలు విధమునకు సిద్ధాంతము నిర్మించినవారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సూరి భగవంతముగారును, భావరాజు రామచంద్రరావుగారును అతిధ్వనిపై పరిశోధనలు చేసిరి. ఆ కొండపైనుండి చూచినచో శుద్ధికర్మాగారపు గొట్టములు కనబడును. కొండపైని విద్య కొండక్రిందికి దిగుటకు ఎన్నిసంవత్సరములు పట్టవలెనో!

ఇక కథ. అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమున త్రీ మైల్ ఐలెండు అను అణువిద్యుత్కేంద్రము గలదు. 1979 మార్చి 28 తెల్లవారుజామున 4 గంటలకు అచ్చట నీటిపంపులు ఆగిపోయెను. లోపల ఒత్తిడి పెరిగినది. దానిని తగ్గించుటకై ఊరట కవాటము తెరచుకొన్నది. కొన్ని సెకండులలో మరల మూసికొనవలసినది, మూసికొనలేదు. కాని అధికారుల యెదుటనున్న బల్లపై దీపము ఆరిపోయెను. ఆ దీపము కవాటము మూసికొన్నదని తెలుపునది కాదు. మూసికొమ్మని విద్యుదాజ్ఞ పోయినదని మాత్రమే తెలుపునది. ఆజ్ఞ యిచ్చితిమి గనుక అమలు జరిగియే యుండునని వారు నమ్మిరి. సచివాలయముల నెరిగిన మన పాఠకులకు ఈ నమ్మకము క్రొత్త కాదు. 2 గంటల 22 నిమిషముల పిమ్మట వేరొక కవాటమును మూయువరకు ఆ దారిని నీరు పోవుచునే యుండెను. ఇంధనములో దాదాపు సగము కరిగిపోయెను.

ఇంతవరకు పెక్కుమంది యెరిగినదే. తక్కువమంది యెరిగినది, మేము ముఖ్యముగ చెప్పదలచినది, మరియొకటి గలదు. ఆ కవాటము తరువాతి గొట్టము వేడెక్కినచో కవాటము తెరచియున్నదని గ్రహింపవచ్చును. ఆ వేడిని చూపు సాధనము గూడ అచ్చట నుండెను. ఆ ఉదయము వేడి ఎక్కువగనే కనబడినది. అయినను అధికారులు దానిని లక్ష్యపెట్టలేదు. ఏలయన ఆ కవాటమో, ప్రక్కనున్న రక్షణ కవాటములలో నొకటియో అంతకుముందు కొన్ని వారములుగ కొద్దికొద్దిగ కారుచునే యుండెను. ఆ గొట్టము ఎప్పుడును వేడిగనే యుండుట వారికి అలవాటైపోయెను. ప్రెసిడెంటు కార్టరు నియమించిన కెమెనీ సంఘము ఈ సంగతిని విచారించి బయటపెట్టెను. ఓర్చుకొన్న చిన్న కారుడు, రానున్న పెద్ద కారుడునకు మరుగైనది. చిన్నదాని నష్టము అది కార్చిన నీరు కాదు. చూచువారిని గ్రుడ్డివారిని చేయుట. దీని తరువాత ఆ దేశపు అణునియంత్రణ సంఘము ఊరట కవాటము నిజముగ తెరచియున్నదో మూసియున్నదో సూటిగ తెలుపు సాధనము ప్రతి కేంద్రమునను ఉండవలెనని విధించెను. పెక్కు కేంద్రములు అందుకొరకు ఎన్నుకొన్నది శబ్దమునే. కవాటము తరువాతి గొట్టమునకు గ్రాహకములను అంటించి, లోపల ప్రవాహము మ్రోగుచున్నదా లేదా యని రేయింబవళ్ళు వినసాగిరి. ఆజ్ఞాదీపమును నమ్ముట మాని గొట్టమును అడుగుట నేర్చుకొనిరి.

అది జరిగిన అయిదేండ్లకు అమెరికా కంపెనీ వారి భోపాలు కార్ఖానాలో ఏమి జరిగినదో ప్రతి భారతీయుడును ఎరుగును. మేము ఆ రాత్రిని గూర్చి గాక, అంతకు ముందు మాసమును గూర్చి వ్రాయుచున్నాము. మిథైల్ ఐసోసయనేటు నిలువయుంచిన ఇ–610 సంఖ్య గల తొట్టిలో నత్రజనివాయువు ఒత్తిడి ఎల్లప్పుడును నిలిచియుండవలెను. 1984 అక్టోబరు చివరినుండి ఆ ఒత్తిడి నిలువకపోయెను. నత్రజనిని పంపుదురు, అది పోవును. మూసితిమనుకొన్న దారి యేదో మూసికొనలేదన్నమాట. డిసెంబరు 1న మరల ప్రయత్నించిరి, మరల విఫలమయ్యెను. తొట్టి తన జబ్బును నెలదినములకు పైగ చెప్పుచునే యుండెను. లోపల 42 టన్నుల విషముండెను. చల్లబరచు యంత్రము అంతకుముందే ఆపివేయబడెను. కాల్చివేయు ఫ్లేరు గొట్టము విప్పబడియుండెను. కడిగివేయు స్క్రబ్బరు సిద్ధముగ లేకుండెను. డిసెంబరు 2 రాత్రి నీరు తొట్టిలో చేరినది. ఎట్లు చేరెనన్నదానిపై నేటికిని వాదమున్నది: గొట్టములను కడుగునప్పుడు ఉక్కు బిళ్ళ దూర్చకపోవుటచేత, కారు కవాటములను దాటి వచ్చెనని ఒక పక్షము, ఎవడో కావలెనని చేసెనని కంపెనీ పక్షము. ఏ పక్షము గెలిచినను నెలదినములు ఒత్తిడి నిలువని తొట్టిని వాడుకలో నుంచినవాడు నిర్దోషి కాజాలడు. వాయువు బయటికి వచ్చుచున్నదని మొట్టమొదట తెలిపినవి యే యంత్రములును కావు, కూలీల కన్నులు. మండి నీరు కార్చిన కన్నులు.

ఆ తొట్టిలోని స్వల్పమైన ఒత్తిడికి శబ్దపరికరము నిశ్చయముగ పలికెడిదని మేము వాదింపము. అణుకేంద్రములకు విధించిన నియమము రసాయన కార్ఖానాలకు వర్తింపదన్న సంగతియు ఎరుగుదుము. మా వాదము వేరు. తన దేశమున కవాటములకు చెవియొగ్గుట నేర్చుకొన్న కాలముననే, మన దేశమున తొట్టి నోరెత్తి చెప్పినను వినకపోవుట సాధ్యమైనది. ఇది పరికరముల కొరత మాత్రమే కాదు. ఎవరి ప్రాణము ఎంత వెల అన్న లెక్క దీనిలో నున్నది.

అట్లని విదేశపు కంపెనీని తిట్టి చేతులు కడిగికొనుటకు మాకు మనసొప్పదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణపు శుద్ధికర్మాగారమున వంటవాయువు కారి అంటుకొని అరువదిమంది వరకు మరణించిరి. అది ప్రభుత్వరంగ సంస్థయే. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున తెల్లవారకముందే వాయువుగొట్టము పగిలి ఇరువదిమందికి పైగ కాలిపోయిరి. కొబ్బరిచెట్లు నిలువున మాడెను. అదియు ప్రభుత్వరంగ సంస్థయే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున మందుల కార్ఖానాలో ద్రావకము కారి ఆవిరియై ప్రేలి 17 మంది పోయిరి. ఇవన్నియు కవాటపు పాసింగుచేత జరిగినవని మేమనుట లేదు. ఒక్కొక్కదాని కారణము ఒక్కొక్కటి. 2020 మే 7న వేంకటాపురమున 12 మందిని పొట్టనబెట్టుకొన్న స్టైరీను తొట్టి విషయమున కవాటమే కారణము కాదు. తొట్టి అడుగున మాత్రమే వేడిని కొలుచుచుండిరి, పైన అది కుతకుతలాడుచున్నను క్రింది అంకె చల్లగనే యుండెను. సైరను మీటలు 36 ఉండియు ఒక్కటియు మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతసంఘము చెప్పెను. వినవలసినచోట వినక, వినుటకు వీలైనచోట విని తృప్తిపడుట యన్న జబ్బు మాత్రము వీనిలో పలుమారులు కనబడుచున్నది.

శబ్దమును వినుటను సర్వరోగనివారిణిగ అమ్మజూచు వర్తకులు గలరు. వారి మాటలు పాఠకులు నమ్మవలదు. ఇరువైపుల ఒత్తిడుల భేదము చాలినంత లేనిచో కవాటము మూగది. ఎంత కారుచున్నను పలుకదు. ప్రక్కనే ప్రవాహమును సగము నొక్కిపట్టి నడుపు నియంత్రణ కవాటమున్నచో దాని హోరులో దీని గుసగుస మునిగిపోవును. ప్రతి ఫ్లాంజి వద్దను శబ్దము కొంత తగ్గును. కొన్ని సమయములలో గాడి బాగుగ వెడల్పైన పిమ్మట ప్రవాహము నెమ్మదించి శబ్దమే తగ్గవచ్చును. అంకె తగ్గినదని సంతోషించువాడు అప్పుడు మిక్కిలి మోసపోవును. కావుననే ఒకమారు విని వదలుట వలన ప్రయోజనము లేదు. కవాటము క్రొత్తగ నున్ననాడు ఒక అంకె, తరువాత మూడు మాసములకొక అంకె, అదే స్థలమున, అదే ఒత్తిడిలో తీసి వరుసగ వ్రాయవలెను. అంతర్జాతీయ ప్రమాణసంస్థ 2016లో 18081 సంఖ్యతో శబ్దముచేత కారుడును కనుగొను పద్ధతికి ప్రమాణమును ప్రకటించియున్నది. పద్ధతి లేదన్న సాకు ఇక చెల్లదు.

ఇక చట్టము. 1985 డిసెంబరు 4న ఢిల్లీలో ఒక ఎరువుల కర్మాగారమునుండి ఓలియము వాయువు వెడలెను. తీస్ హజారీ న్యాయస్థానమున వృత్తి చేయు న్యాయవాది యొకడు దానివలన మరణించినట్లు సర్వోన్నత న్యాయస్థానమునకు విన్నవింపబడెను. మా వృత్తివాడు గనుక ఆ పంక్తి చదివినప్పుడెల్ల మా మనసు ఒక్క క్షణము ఆగును. ఎం. సి. మెహతాగారి ఆ వ్యాజ్యమున 1986 డిసెంబరు 20న ప్రధానన్యాయమూర్తి భగవతిగారు, అపాయకరమైన పరిశ్రమ నడుపువాడు ఎంత జాగ్రత్తపడితిననినను సరే, దానివలని కీడునకు మినహాయింపు లేని బాధ్యుడని తీర్పు చెప్పిరి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో ఒక అధ్యాయము చేర్చి, అపాయమును గూర్చి కార్మికునకు తెలుపవలెననియు, ముంచుకొనివచ్చు ముప్పును గూర్చి హెచ్చరించు హక్కు అతనికి గలదనియు, భద్రతాసంఘమున అతనికి చోటుండవలెననియు విధించిరి. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతియు ఆ హెచ్చరించు హక్కును నిలిపినది. తీర్పు గొప్పది, చట్టము మంచిది. కాని మొదటిది శవములు లేచిన పిమ్మట పనిచేయునది. రెండవది కార్మికునకు హెచ్చరించు హక్కు నిచ్చినదే గాని, హెచ్చరించుటకు చేతిలో ఆధారము నీయలేదు. 'వాల్వు పాసింగులో నున్నది దొరా' అని కూలి చెప్పిన మాట గాలిలో పోవును. నాలుగుచోట్ల తీసిన అంకెలతో, తేదీతో, సంతకముతో వ్రాసిన పుట గాలిలో పోదు. అధికారి దానిని చూచియు ఊరకొన్నచో, నాకు తెలియదని న్యాయస్థానమున చెప్పలేడు. యజమానులు కొందరు ఈ పరికరములకు జంకుట ఖరీదుకొరకు కాదని మేము అనుమానించుచున్నాము. తెలిసికొనుటయే వారికి భారము.

వినువాని సంగతి కొంచెము చెప్పక తీరదు. ఇరువది యేండ్లు ఒకే యూనిట్టులో పనిచేసిన ఫిట్టరు ఏ కవాటము ఏ స్వరమున పలుకునో ఎరుగును. అట్టివానిని పంపివేసి, రెండేండ్లకొక కంట్రాక్టరును మార్చి, ప్రతివాడును క్రొత్త కూలీలను తెచ్చుట నేటి పరిపాటియైనది. ఆ మనుష్యునితో ఆ జ్ఞాపకమును గేటు దాటిపోవును. రొదలో మిగిలియున్నవాని చెవియు నిలువదు. పనిచోటి రొదవలన కలుగు చెవుడును చట్టమే తెలియజేయవలసిన వృత్తివ్యాధులలో చేర్చినది. కార్మికుని చెవిటివానిని చేసి, కవాటము పలికినప్పుడు నీవేల వినలేదని అడుగుట ఎంతటి న్యాయము? పరికరము వచ్చినంతమాత్రమున ఆ పాత ఫిట్టరు అక్కరలేదని తలచుటయు పొరపాటే. అంకెను చూపునది పరికరము; అది పంపు మ్రోతయో, కవాటపు మ్రోతయో తేల్చునది మనుష్యుడు.

కావున మేము కోరునవి పెద్దవి కావు. విషమును, మంటను ఆపెడి కవాటముల పట్టిక ప్రతి కర్మాగారమునను వేరుగ నుండవలెను. వానిని నియతకాలమున విని అంకెలు వ్రాయవలెను. ఆ పుస్తకమును భద్రతాసంఘములోని కార్మిక సభ్యుడు అడిగిననాడు చూపవలెను. అది తెలుగుననే యుండవలెను, ఏలయన చదువుకొనలేని హెచ్చరిక హెచ్చరిక కాదు. కంచె ప్రక్కనున్న గ్రామపు పంచాయతికి సంవత్సరమున కొకమారైనను దాని సారము అందవలెను. మనిషి లోనికి దిగు తొట్టికి శబ్దపరీక్ష చేసినను ఉక్కు బిళ్ళను మానరాదు. కవాటము మౌనముగ నున్నదన్న సాక్ష్యము ఒకని ప్రాణము పణముగ పెట్టుటకు చాలదు. పరికరముల విషయమున, స్ఫటికమును, వర్ధకమును, వడపోతయు మన దేశపు కళాశాలలలో చేయలేని వస్తువులు కావు. విశాఖలోను, వరంగల్లులోను, కాకినాడలోను చదువు ముగించు యువకులు ప్రతి సంవత్సరము అచ్చుపోసిన ప్రాజెక్టు పుస్తకములను బైండు చేయించుటకు బదులు, తమ కళాశాల బాయిలరు కవాటమునకు ఒక గ్రాహకమును అంటించి చూచినచో నష్టమేమి?

వార్షిక షట్‌డౌనుకొరకు విప్పవలసిన కవాటముల జాబితాలు ఎల్ల కర్మాగారములలోను ముందుగనే సిద్ధపరతురు. నేడు ఆ జాబితాలు చాలచోట్ల పాత వాడుకను బట్టియు, విడిభాగముల లభ్యతను బట్టియు తయారగుచున్నవి. మంచి పీటలను విప్పి చెడగొట్టి, చెడ్డవానిని మరల ఒక యేడు వదలుచున్నారు. ఈమారు జాబితా బల్లపైకి వచ్చినప్పుడు భద్రతాసంఘపు కార్మిక సభ్యులు లేచి ఒక్కటి అడుగవలెను: వీనిలో ఎన్నింటిని విని వ్రాసితిరి? జాబితాలో లేనివానిలో ఎన్నింటిని వినియుంటిరి? ఆ ప్రశ్నను సమావేశపు మినిట్సులో వ్రాయింపవలెను. వ్రాయ నిరాకరించినచో ఆ నిరాకరణమును వ్రాతమూలముగ ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి పంపి, నకలు తమవద్ద నుంచుకొనవలెను.